మాక్రో లెన్స్ కొనే ముందు స్కేలు పట్టుకోండి

చిన్న వస్తువుల్ని బాగా దగ్గర నుంచి పెద్దగా తీసే మాక్రో లెన్స్ కొందామనుకున్నవాళ్లు ఎక్కువమంది మొదట అడిగేది "60 మి.మీ. తీసుకోవాలా, 100 మి.మీ. తీసుకోవాలా" అనే. దానికి జవాబు చెప్పాలంటే ముందు రెండు సంగతులు తేలాలి. మీరు తీయబోయే వస్తువు ఎన్ని మిల్లీమీటర్లుంటుంది? తీసేటప్పుడు లెన్స్ మూతికీ, ఆ వస్తువుకీ మధ్య ఎంత ఖాళీ కావాలి? ఈ రెండు అంకెలు చేతిలో ఉంటే ఏ లెన్స్ అన్నది చాలావరకు తేలిపోయినట్టే. అవి లేకుండా ఎన్ని రివ్యూలు చదివినా షార్ప్‌నెస్ చార్టుల చుట్టూనే తిరుగుతుంటాం. నిజానికి షార్ప్‌గా లేని మాక్రో లెన్స్ ఇవాళ వెతికినా దొరకడం కష్టం.

ముందు సైజు సంగతి చూద్దాం. 1:1 అంటే వస్తువు ఎంతుందో సెన్సర్ మీద పడే దాని ప్రతిబింబం కూడా అంతే ఉండటం. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 × 24 మి.మీ. ఉంటుంది కాబట్టి 1:1 దగ్గర ఫ్రేమ్‌లో పట్టేది 36 మి.మీ. వెడల్పు మాత్రమే. లెక్క తేలిక. సెన్సర్ వెడల్పుని, ఫ్రేమ్‌లో మీరు చూపించాలనుకున్న వెడల్పుతో భాగించండి. వచ్చిందే మీకు కావలసిన మాగ్నిఫికేషన్.

రెక్కలు విప్పిన సీతాకోకచిలుక 60 మి.మీ. ఉందనుకోండి. చుట్టూ కాస్త ఖాళీ వదిలి 80 మి.మీ. చూపిస్తే 36 ÷ 80 = 0.45. అంటే సగం సైజు కూడా అక్కర్లేదు. ఉంగరాన్ని 40 మి.మీ. వెడల్పులో చూపాలంటే 0.9 కావాలి, మామూలు 1:1 లెన్స్‌కి సరిగ్గా సరిపోయే పని. అదే 5 మి.మీ. చీమ ఫ్రేమ్‌లో సగం ఆక్రమించాలంటే చూపాల్సింది 10 మి.మీ. మాత్రమే, మాగ్నిఫికేషన్ 3.6. మామూలు మాక్రో లెన్స్ ఒక్కదానితో అది కుదరదు. ఈ లెక్క ముందే చేసుకోని వాళ్లే లెన్స్ కొన్నాక "చీమ ఇంత చిన్నగా పడుతోందేంటి" అని బాధపడతారు. లెన్స్‌లో లోపమేమీ ఉండదు, 1:1 దగ్గర 5 మి.మీ. చీమకి 36లో 5 మి.మీ. జాగానే వస్తుంది.

సెన్సర్ చిన్నదైతే ఈ విషయంలో లాభం. ఏపీఎస్-సీ సెన్సర్ వెడల్పు 23.5 మి.మీ. (కానన్‌లో 22.3). అదే చీమకి 2.35 చాలు. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో వెడల్పు 17.3 కాబట్టి 1.7 చాలు. ఇక్కడే ప్రకటనలు జాగ్రత్తగా చదవాలి. ఓఎం సిస్టమ్ 90 మి.మీ. ఎఫ్/3.5 మాక్రో అసలు మాగ్నిఫికేషన్ 2 రెట్లు, ఫుల్ ఫ్రేమ్‌తో పోల్చి చెబితే 4 రెట్లు. రెండూ నిజమే. కానీ ఒక కంపెనీ చెప్పిన పోలిక అంకెని, ఇంకో కంపెనీ చెప్పిన అసలు అంకెతో పక్కపక్కన పెడితే లెక్క తప్పుతుంది. ఫ్రేమ్‌లో ఎన్ని మి.మీ. పడుతుందన్నదానితో పోల్చుకుంటే ఏ తికమకా ఉండదు.

జూమ్ లెన్స్ మీద "మాక్రో" అని రాసి ఉన్నంత మాత్రాన 1:1 వస్తుందనుకోవద్దు. స్పెసిఫికేషన్లలో గరిష్ఠ మాగ్నిఫికేషన్ అనే వరుస చూడండి. 0.25 అని ఉంటే అది 1:4, ఫుల్ ఫ్రేమ్‌లో 144 మి.మీ. వెడల్పు పడుతుంది. పెద్ద పూలకీ, తూనీగలు వాలిన కొమ్మలకీ బాగానే ఉంటుంది. అంతకు మించి ఆశించకూడదు.

ఇక రెండో అంకె, లెన్స్ మూతి ముందు మిగిలే ఖాళీ, అంటే వర్కింగ్ డిస్టెన్స్. మాక్రో లెన్స్ ఎంపికలో అన్నిటికన్నా బరువైన విషయం ఇదే, పెట్టె మీద కనిపించనిదీ ఇదే. పెట్టె మీద ఉండేది మినిమమ్ ఫోకస్ డిస్టెన్స్. దాన్ని సెన్సర్ నుంచి కొలుస్తారు, లెన్స్ మూతి నుంచి కాదు. కెమెరా పైన సున్నాని ఒక గీత కోసినట్టుండే గుర్తు ఉంటుంది చూడండి, సెన్సర్ ఉన్నది అక్కడ. ఆ దూరంలోంచి కెమెరా లోతునీ, లెన్స్ పొడవునీ తీసేయగా మిగిలిందే మీరు వాడుకోగల ఖాళీ.

నికాన్ జడ్ ఎంసీ 105 మి.మీ. తీసుకోండి. కనిష్ఠ దూరం 290 మి.మీ., లెన్స్ పొడవు 140, జడ్ మౌంట్‌లో సెన్సర్ నుంచి మౌంట్ (లెన్స్ బిగించే చోటు) దాకా 16. తీసేస్తే 134 మి.మీ. సోనీ 90 మి.మీ. మాక్రోకి 280లోంచి 130.5, 18 పోతే దాదాపు 131. రెండూ జానెడు కన్నా తక్కువే, అయినా సుఖంగా పని చేసుకోవచ్చు. అదే సోనీ ఏపీఎస్-సీ 30 మి.మీ. మాక్రో దగ్గర 1:1కి మిగిలేది రెండున్నర సెంటీమీటర్ల లోపే. నికాన్ డీఎక్స్ 40 మి.మీ.కి మూడున్నర. కానన్ 180 మి.మీ., నికాన్ 200 మి.మీ. లాంటి పాత పొడవాటి మాక్రోల దగ్గర పాతిక సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఈ లెక్క ఏ లెన్స్‌కైనా మీరే వేసుకోవచ్చు. మౌంట్ లోతు కానన్ ఈఎఫ్‌కి 44, నికాన్ ఎఫ్‌కి 46.5, కానన్ ఆర్‌ఎఫ్‌కి 20. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. దగ్గరికి ఫోకస్ చేస్తున్నకొద్దీ ముందుకి పొడుచుకొచ్చే లెన్స్ అయితే, స్పెసిఫికేషన్‌లో రాసిన పొడవు అది ముడుచుకున్నప్పటిది. అసలు ఖాళీ ఇంకా తగ్గుతుంది.

రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీతో వచ్చే మొదటి ఇబ్బంది వెలుతురు. లెన్స్ నీడ వస్తువు మీదే పడుతుంది. ఫ్లాష్ వెలుగు లెన్స్ మూతి దాటి కిందకి దిగదు. పురుగైతే ఎగిరిపోతుంది, పువ్వైతే పక్క కొమ్మకి లెన్స్ తగిలి కదిలిపోతుంది. హుడ్ (లెన్స్ మూతికి తగిలించే తొడుగు) బిగిస్తే ఉన్న ఖాళీలో కొన్ని సెంటీమీటర్లు అదే తినేస్తుంది. అందుకే 1:1 దగ్గర పని చేసేటప్పుడు హుడ్ తీసేయడమే మేలు. ముందు గాజుకి రక్షణ కావాలంటే పల్చటి ఫిల్టర్ చాలు.

బతికున్న పురుగుల కోసమైతే ఫుల్ ఫ్రేమ్, ఏపీఎస్-సీ రెండింటిలోనూ 90 నుంచి 105 మి.మీ. తరగతి తీసుకోమనే చెబుతాను, తటపటాయించాల్సిన పని లేదు. 180, 200 ఇంకా దూరం ఇస్తాయి గానీ బరువు, చేతి వణుకు రెండూ పెరుగుతాయి, ట్రైపాడ్ లేకుండా కష్టం. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో ఒలింపస్ 60 మి.మీ. ఎఫ్/2.8 కూడా పురుగులకి పనికొస్తుంది. కనిష్ఠ దూరం 190 మి.మీ., లెన్స్ 82 మి.మీ. పొడవు, కెమెరా లోతు పోగా దాదాపు 9 సెంటీమీటర్లు మిగులుతుంది.

50, 60 మి.మీ. లెన్స్‌లని తీసిపారేయాల్సిన పని లేదు. కదలని వస్తువుల దగ్గర అవే సుఖం. కాపీ స్టాండ్‌కి కెమెరా బిగించి స్టాంపులు, నాణేలు, పాత ఫిల్మ్ నెగటివ్‌లు కాపీ చేయాలంటే పొట్టి లెన్స్ అయితే స్టాండ్ ఎత్తు తక్కువ చాలు. 35 మి.మీ. ఫిల్మ్ ఫ్రేమ్ 36 × 24 కాబట్టి ఫుల్ ఫ్రేమ్‌తో దానికి సరిగ్గా 1:1 కావాలి, ఏపీఎస్-సీతో అయితే 0.65 చాలు. ఫీల్డ్ ఫ్లాట్‌గా ఉండటం, అంటే చదునైన కాగితం మధ్యా మూలలూ ఒకేసారి ఫోకస్‌లో పడటం, అసలు అక్కరకొచ్చేది ఇలాంటి పనుల్లోనే. మామూలు లెన్స్‌తో దగ్గర నుంచి తీస్తే మధ్యలో అక్షరాలు పదునుగా, మూలల్లో అలికినట్టు పడతాయి. మాక్రో లెన్స్‌ని ఆ లోపం లేకుండా డిజైన్ చేస్తారు.

పేరులో ఉన్న మి.మీ. అంకెని, అంటే ఫోకల్ లెంగ్త్‌ని, గుడ్డిగా నమ్మొద్దని ఎందుకంటానో చెబుతాను. గాజు మొత్తం ఒక్కటిగా ముందుకి జరిగే 100 మి.మీ. లెన్స్‌తో 1:1 రావాలంటే వస్తువు నుంచి సెన్సర్ దాకా ఫోకల్ లెంగ్త్‌కి 4 రెట్లు, అంటే సుమారు 40 సెం.మీ. దూరం ఉండాలి. ఇప్పటి 100 మి.మీ. మాక్రోలు 30 సెం.మీ. లోపే 1:1కి వస్తున్నాయంటే, ఫోకస్ దగ్గరికి వచ్చేకొద్దీ లోపలి గాజులు జరిగి ఫోకల్ లెంగ్త్ తగ్గిపోతోందన్నమాట. ఎంత తగ్గిందన్నది ఒక్కో డిజైన్‌కి ఒక్కోలా ఉంటుంది. అందుకే రెండు లెన్స్‌ల మీదా 100 అనే ఉన్నా, వర్కింగ్ డిస్టెన్స్ ఒకటే కానక్కర్లేదు.

పొడవాటి లెన్స్‌కి డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (ముందూ వెనకా పదునుగా పడే లోతు) తక్కువ అనే మాట తరచూ వినిపిస్తుంది. క్లోజప్‌లో అది నిలబడదు. మాగ్నిఫికేషన్, ఎపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) ఒకటే అయితే 50తో తీసినా 200తో తీసినా డెప్త్ దాదాపు సమానమే. తేడా వచ్చేది వెనక భాగంలో. పొడవాటి లెన్స్ వెనక ఉన్నదాంట్లో చిన్న ముక్కనే పట్టుకుంటుంది, అందుకే చిందరవందర పొదలో కూడా శుభ్రమైన ఒకే రంగు బ్యాక్‌గ్రౌండ్ వెతుక్కోవడం తేలిక.

ఆ డెప్త్ ఎంతో అంకెల్లో చూస్తే ఎపర్చర్ గురించిన ఆలోచనే మారిపోతుంది. ఫుల్ ఫ్రేమ్ మీద 1:1 దగ్గర ఎఫ్/2.8కి సుమారు 0.3 మి.మీ., ఎఫ్/8కి 1 మి.మీ., ఎఫ్/16కి 2 మి.మీ. 2 రెట్ల దగ్గర ఎఫ్/8 పెట్టినా దక్కేది 0.4 మి.మీ. లోపే. ఈగ కన్ను మొత్తం కూడా అందులో పట్టదు. కాబట్టి ఎఫ్/2 మాక్రో, ఎఫ్/2.8 మాక్రో మధ్య క్లోజప్ కోసం డబ్బు తేడా పెట్టడం దండగ. పోర్ట్రెయిట్‌లకి కూడా వాడుకుంటానంటే అది వేరే లెక్క.

సరే, ఎఫ్/22 పెట్టేస్తే పోలేదా అంటే, డిఫ్రాక్షన్ అడ్డొస్తుంది, అంటే చిన్న రంధ్రం దాటేటప్పుడు వెలుతురు చెదిరి బొమ్మ మెత్తబడుతుంది. దగ్గరికి వచ్చేకొద్దీ సెన్సర్ మీద పడే వెలుతురు తగ్గుతుంది. పనిచేసే ఎపర్చర్‌ని సుమారుగా ఇలా లెక్కేస్తారు: మీరు పెట్టిన అంకె × (1 + మాగ్నిఫికేషన్). 1:1 దగ్గర ఎఫ్/16 పెడితే అది నిజంగా ఎఫ్/32 లాగా పనిచేస్తుంది. ఫ్రేమ్ అంతా ఫోకస్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది గానీ వెంట్రుక, పొలుసు స్థాయి వివరం మెత్తబడిపోతుంది. ఫుల్ ఫ్రేమ్‌లో 1:1కి ఎఫ్/8 నుంచి ఎఫ్/11, 2 రెట్లకి ఎఫ్/5.6 దగ్గర ఆగడం మంచిది. ఇంకా డెప్త్ కావాలంటే ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ తీసిన ఫోటోల్ని ఒకటిగా కలిపే ఫోకస్ స్టాకింగ్‌కి వెళ్లాలి. నికాన్ కెమెరాలు తమ మాక్రో లెన్స్‌లతో ఈ పనిచేసే ఎపర్చర్‌నే చూపిస్తాయి. ఏఎఫ్-ఎస్ 105 మి.మీ. ఎఫ్/2.8 లెన్స్‌ని 1:1కి తిప్పితే ఎఫ్/4.8 కనిపిస్తుంది, లెన్స్ పాడైందని కంగారు పడక్కర్లేదు. లెక్క ప్రకారం 5.6 రావాలి కదా అంటారా? ఫోకస్‌తో పాటు ఫోకల్ లెంగ్త్ తగ్గడం, గాజుల అమరిక వల్ల అసలు అంకె అంతకన్నా కాస్త తక్కువగా వస్తుంది. కానన్, సోనీ కెమెరాలు ఎఫ్/2.8 అనే చూపిస్తూ లోపల ఎక్స్‌పోజర్ సర్దుకుంటాయి. మాన్యువల్ ఫ్లాష్ పవర్ లెక్కేసుకునేటప్పుడు మాత్రం ఆ రెండు స్టాపులూ (ఒక్కో స్టాప్‌కి వెలుతురు సగమవుతుంది) మీరే కలుపుకోవాలి.

చేతి వణుకుని సరిచేసే స్టెబిలైజేషన్ కోసం ఎంత ఎక్కువ పెట్టొచ్చన్నది తరవాతి మాట. మామూలు ఫోటోల్లో చేతి వణుకంటే ఎక్కువగా కెమెరా వంగడం. క్లోజప్‌లో కెమెరా పక్కకీ పైకీ జరగడం కూడా అంతే పాడు చేస్తుంది. ఈ రెండో రకాన్ని కూడా సరిచేసే హైబ్రిడ్ ఐఎస్‌ని (కానన్ స్టెబిలైజర్ పేరు ఐఎస్) కానన్ 2009లో ఈఎఫ్ 100 మి.మీ. ఎల్ మాక్రోతో తెచ్చింది. దానిక్కూడా దూరపు వస్తువుల దగ్గర 4 స్టాపులుండే లాభం 1:1 దగ్గర 2 స్టాపులకి పడిపోతుందని ఆ కంపెనీయే చెప్పింది. కెమెరా ముందుకీ వెనక్కీ ఊగడాన్ని ఏ స్టెబిలైజరూ ఆపదు, క్లోజప్‌లో ఫోకస్ తప్పించేదేమో అదే. గాలికి ఊగే పువ్వుని కూడా స్టెబిలైజర్ ఆపలేదు. ఐఎస్ వల్ల వ్యూఫైండర్‌లో బొమ్మ నిలకడగా ఉండి ఫ్రేమింగ్ సుఖంగా ఉంటుందన్నది నిజం. కానీ ఐఎస్ ఉన్న లెన్స్‌కీ, ఐఎస్ లేని లెన్స్ ప్లస్ ఒక మంచి ఫ్లాష్, దాని వెలుగుని మెత్తబరిచే పెద్ద డిఫ్యూజర్‌కీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే రెండోదే తీసుకోండి. తక్కువ పవర్‌లో ఫ్లాష్ వెలిగేది సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ సేపు. చేతి వణుకు, పురుగు కదలిక రెండూ అందులోనే ఆగిపోతాయి. ఎఫ్/11, తక్కువ ఐఎస్ఓ, షట్టర్ ఫ్లాష్ సింక్ వేగం (ఫ్లాష్‌తో మామూలుగా వాడగల గరిష్ఠ వేగం) దగ్గర పెడితే చెట్టు నీడలో కూడా పని జరుగుతుంది. వెనకంతా నల్లగా పడుతుంటే ఐఎస్ఓ కాస్త పెంచండి, లేదా పురుగు వెనక దగ్గర్లో ఆకు ఉండే కోణం చూసుకోండి.

ఆటోఫోకస్‌కి మాక్రోలో ఇచ్చే విలువ కూడా కొంచెం తగ్గించుకోవచ్చు. సగం సైజు దాకా అది బాగానే ఆదుకుంటుంది. 1:1 దగ్గరికొచ్చేసరికి మీ శ్వాసకే ఫోకస్ జారిపోతుంది, ఆటోఫోకస్ ఆ చివర నుంచి ఈ చివర దాకా వెతుక్కుంటూ ఉంటుంది. అక్కడ పనికొచ్చే పద్ధతి, రింగ్‌ని కావలసిన మాగ్నిఫికేషన్ దగ్గర పెట్టేసి మాన్యువల్‌లో ఉంచి, ఒళ్లే మెల్లగా ముందుకి ఆనిస్తూ కన్ను పదునెక్కిన క్షణంలో నొక్కడం. ఆటోఫోకస్ లెన్స్ కొంటే ఫోకస్ లిమిటర్ స్విచ్ ఉందో లేదో తప్పకుండా చూడండి. అది లేకపోతే గురి తప్పినప్పుడల్లా లెన్స్ ఇన్ఫినిటీ (అతి దూరం) దాకా వెళ్లి వస్తుంది, ఈలోగా పురుగు వెళ్లిపోతుంది.

అందుకే లావోవా కంపెనీ వాళ్ల 2 రెట్ల మాన్యువల్ లెన్స్‌లని నిశ్చింతగా తీసుకోవచ్చు. 100 మి.మీ. ఎఫ్/2.8 ఇన్ఫినిటీ నుంచి 2 రెట్ల దాకా ఒక్క రింగ్‌తో వెళ్తుంది, చిన్న పురుగుల మీద మనసున్నవాళ్లకి మామూలు 1:1 కన్నా ఇదే ఎక్కువ పనికొస్తుంది. పోగొట్టుకునేది ఒకటుంది. కెమెరాలోని ఆటోమేటిక్ ఫోకస్ బ్రాకెటింగ్‌కి (ఫోకస్ జరుపుతూ వరసగా ఫోటోలు తీయడం) లెన్స్‌లో మోటార్ ఉండాలి, మాన్యువల్ లెన్స్‌తో స్టాకింగ్ చేయాలంటే రెయిల్ మీద కెమెరాని జరపాలి. ఎపర్చర్ కూడా చేత్తో మూసే వెర్షన్ అయితే ఎఫ్/8 దగ్గర డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్ చీకటైపోతుంది. మిర్రర్‌లెస్‌లో అంత ఇబ్బంది లేదు గానీ గ్రెయిన్ పెరిగి పీకింగ్ (ఫోకస్‌లో ఉన్న అంచుల్ని రంగుతో చూపే సదుపాయం) గజిబిజిగా ఉంటుంది, ఫ్లాష్ పక్కన చిన్న టార్చ్ బిగించుకుంటే తీరుతుంది.

ఎలక్ట్రానిక్ ఫోకస్ రింగ్ ఉన్న లెన్స్‌లలో ఒక చికాకు ఉంటుంది. కెమెరా ఆఫ్ చేసి ఆన్ చేస్తే చాలా లెన్స్‌లు పెట్టిన ఫోకస్ చోటు మరిచిపోతాయి, అంటే మాగ్నిఫికేషన్ కూడా పోతుంది. వరసగా ఒకే సైజులో నాణేలు తీసేవాళ్లకి ఇది పెద్ద తలనొప్పి. మెనూలో ఫోకస్ చోటు గుర్తుంచుకునే సెట్టింగ్ ఉందేమో కొనే ముందే చూసుకోండి. కానన్ ఆర్‌ఎఫ్ 100 మి.మీ.కి మసక భాగం తీరుని మార్చే ఎస్ఏ కంట్రోల్ అనే అదనపు రింగ్ ఉంటుంది. అది సున్నా దగ్గర లాక్‌లో లేకపోతే ఫోటోలన్నీ మెత్తగా పడతాయి. లెన్స్ బాలేదనుకునే ముందు ఆ లాక్ చూడండి. ఈ లెన్స్ 1.4 రెట్ల దాకా వెళ్తుంది, ఆ అదనపు 0.4 చిన్న విషయం కాదు.

కొత్త లెన్స్ కొనకుండానే రుచి చూసే దారులు రెండున్నాయి. ఎక్స్‌టెన్షన్ ట్యూబ్‌లో గాజు ఉండదు, లెన్స్‌ని సెన్సర్ నుంచి దూరం జరుపుతుందంతే. ట్యూబ్ పొడవుని ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎంత మాగ్నిఫికేషన్ కలుస్తుందో తెలుస్తుంది. 50 మి.మీ. లెన్స్‌కి 25 మి.మీ. ట్యూబ్ పెడితే 0.5 కలుస్తుంది. 12, 20, 36 మూడూ కలిపి పెడితే 68 మి.మీ., అంటే 1.36. కానీ వస్తువు లెన్స్‌కి బాగా దగ్గరికొచ్చేస్తుంది. 24 మి.మీ. లాంటి వైడ్ లెన్స్‌కి పొడుగు ట్యూబ్ పెడితే ఫోకస్ పడే చోటు గాజు లోపలికే వెళ్లిపోతుంది, ఏమీ కనపడదు. చవకగా వస్తున్నాయని ఎలక్ట్రానిక్ కాంటాక్ట్‌లు లేనివి తీసుకోవద్దు. కానన్ ఈఎఫ్ లెన్స్ అయితే ఎపర్చర్ పూర్తిగా తెరుచుకుని ఉండిపోతుంది, నికాన్ జీ లెన్స్ అయితే పూర్తిగా మూసుకుని ఉండిపోతుంది.

రెండోది, ఉన్న లెన్స్ ముందు తగిలించే క్లోజప్ లెన్స్. 150 నుంచి 300 మి.మీ. టెలీ ఉన్నవాళ్లు ముందు దీన్నే ప్రయత్నించమంటాను. రేనాక్స్ డీసీఆర్-250 పవర్ 8 డయాప్టర్లు, అంటే దాని ఫోకల్ లెంగ్త్ 1000 ÷ 8 = 125 మి.మీ. ఇన్ఫినిటీలో పెట్టిన 200 మి.మీ. లెన్స్ ముందు తగిలిస్తే 200 ÷ 125 = 1.6 రెట్లు. ఖాళీ మాత్రం ఏ లెన్స్‌కి తగిలించినా సుమారు 12 సెంటీమీటర్లే. డీసీఆర్-150 పవర్ 4.8, దూరం ఎక్కువ, మాగ్నిఫికేషన్ తక్కువ. ఒకే గాజు ముక్కతో వచ్చే ఫిల్టర్ సెట్‌లు వేరు, ఇవి వేరు. ఒంటి గాజుతో అంచుల్లో రంగులు చీలిపోతాయి. 1:1 మాక్రో లెన్స్ కొన్నాక కూడా ఇది వృథా కాదు, దాని ముందు తగిలిస్తే 2 రెట్ల దరిదాపులకి తీసుకెళ్తుంది.

కానన్ ఎంపీ-ఈ 65 మి.మీ. మీద చాలామందికి మోజు ఉంటుంది. 1 నుంచి 5 రెట్లు, ఇన్ఫినిటీ లేదు, ఆటోఫోకస్ లేదు. 5 రెట్ల దగ్గర మిగిలే ఖాళీ 4 సెం.మీ., అక్కడ ఎఫ్/16 పెడితే పనిచేసేది ఎఫ్/96. అద్భుతమైన పనిముట్టు, కానీ మొదటి మాక్రో లెన్స్ మాత్రం కాకూడదు.

లెన్స్ చేతికొచ్చాక ముందు స్టీలు స్కేలుని ఫ్రేమ్‌కి సమాంతరంగా పెట్టి కనిష్ఠ దూరంలో తీయండి. ఫుల్ ఫ్రేమ్‌లో 36 గీతలు కనిపిస్తే 1:1 నిజమే, 40 కనిపిస్తే 0.9. తరవాత న్యూస్‌పేపర్‌ని గోడకి చదునుగా అంటించి, కెమెరాని నిటారుగా నిలిపి ఎఫ్/4లో తీయండి. నాలుగు మూలల్లో ఒక మూల మాత్రమే మసగ్గా ఉంటే ముందు కెమెరాని తలకిందులు చేసి మళ్లీ తీయండి. కాగితం మీద మసక అదే చోట ఉంటే మీరు వంకరగా పెట్టారు, ఎదుటి మూలకి మారితే లెన్స్‌లో గాజు పక్కకి జరిగింది, వెనక్కి ఇచ్చేయండి. సెకండ్‌హ్యాండ్ అయితే ఎపర్చర్ బ్లేడ్‌ల మీద నూనె మెరుస్తోందా, టార్చ్ వేస్తే గాజు మీద సాలెగూడులా ఫంగస్ ఉందా, ఫోకస్ రింగ్ ఇసుక పడ్డట్టు గరగరలాడుతోందా చూసుకోండి. స్టెబిలైజర్ ఉన్న లెన్స్‌ని కెమెరా నుంచి తీసి ఊపితే లోపల టకటకమనడం మామూలే, దాన్ని లోపంగా లెక్కపెట్టకండి.